నూరు కాపీలకు పది సెంట్లు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ జీవితం మీద నువ్వు రాసిన రాతప్రతి అంది నెల దాటింది. మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చి పక్కన పెట్టాను. రెండోసారి ఆ కోపానికి కారణం ఎక్కడుందో వెతుక్కుంటూ చదివితే అది 31వ పేజీలో దొరికింది. 1899 జూలైలో న్యూయార్క్ వీధుల్లో పత్రికలు అమ్మే పిల్లలు పులిట్జర్ మీద, ఆయన పోటీదారు విలియం రాండాల్ఫ్ హెర్స్ట్ మీద చేసిన సమ్మెను నువ్వు ఒక్క వాక్యంలో ముగించావు: "ధరల పెంపు వంటి చిన్న చిన్న వివాదాలు తలెత్తినా ఆయన కీర్తికి భంగం కలగలేదు." అదే రాతప్రతిలో పులిట్జర్ ఓడ మీద నుంచి బోస్టన్ రేవు నీళ్ళలోకి దూకాడన్న కథకు రెండు పేజీలు, ఆయన గడ్డానికి ఒక పేరా ఇచ్చావు. ఆ "చిన్న చిన్న" అన్న మాటకే ఈ ఉత్తరం.

మెచ్చుకోవలసింది ముందు చెప్పేస్తాను, తరువాత మరచిపోతాను. 1890 డిసెంబరులో బంగారు గుమ్మటంతో ఆయన వరల్డ్ పత్రిక భవనం తెరుచుకున్న రోజున, న్యూయార్క్‌లో అంతకంటే ఎత్తయిన కట్టడం లేనప్పుడు, దాన్ని కట్టించిన మనిషి అక్కడ లేడని, చూపు సన్నగిల్లి ఊరు విడిచి వెళ్ళాడని నువ్వు ఏ విశేషణమూ తగిలించకుండా రాసిన పేరా బాగుంది. మిగతాదంతా అలా రాయగలవని ఆ పేరా చెబుతోంది కాబట్టే మిగతాది చూస్తే చిరాకు ఎక్కువైంది.

నువ్వు పులిట్జర్‌ను ఒకచోట సంపాదకుడంటావు, ఒకచోట ప్రచురణకర్త అంటావు, మరోచోట పాత్రికేయ పితామహుడంటావు, మూడూ ఒకటే అయినట్టు. సంపాదకుడి జీవితం రాసేవాడికి ఆయన వాక్యాలు చాలు. పత్రికాధిపతి జీవితం రాసేవాడికి చాలవు. ఆయన పత్రికను ఎంతకు కొన్నాడు, ఎంతకు అమ్మాడు, రాసినవాడికి ఎంతిచ్చాడు, వీధిలో అరిచి అమ్మిన పిల్లవాడికి ఎంత మిగిల్చాడు, అమ్ముడుపోని కాపీ ఎవరి నెత్తిన పడింది అన్నవి రాయకపోతే అది జీవితచరిత్ర కాదు, శిలావిగ్రహం కింద చెక్కే ఫలకం. యాభై ఏళ్ళుగా ఈ మాటే చెబుతున్నాను. ముసలాయన అంకెల పిచ్చి అని నవ్వినవాళ్ళలో కొందరు ఇప్పుడు పెద్ద పదవుల్లో ఉన్నారు. వాళ్ళు రాసిన జీవితచరిత్రలు పెళ్ళిళ్ళలో కానుకలుగా పనికొస్తున్నాయి.

నా పద్ధతిలో ఆయన కథ ఎలా నడుస్తుందో చూడు. 1847లో హంగరీలోని మాకో అనే ఊళ్ళో ధాన్యం వ్యాపారి ఇంట పుట్టినవాడు, బక్కపలచని దేహం, చూపు మందం. యూరప్‌లో ఏ సైన్యమూ తీసుకోకపోతే 17 ఏళ్ళ వయసులో అమెరికా అంతర్యుద్ధానికి సైనికులను పోగుచేస్తున్న ఏజెంట్ల చేతికి చిక్కి 1864లో సముద్రం దాటాడు. నువ్వు రెండు పేజీలు ఖర్చుపెట్టిన ఆ దూకుడు నిజమో కల్పనో చరిత్రకారులు తేల్చుకుంటారు. నువ్వు వదిలేసిన సంగతి మాత్రం కథలోనే ఉంది. సైన్యంలో చేరినందుకు ఇచ్చే సొమ్మును ఏజెంటు తినేయకుండా తానే తీసుకోవడానికి దూకాడంటారు. అంటే ఆ కుర్రవాడి గురించి జనం చెప్పుకున్న మొట్టమొదటి కథే డబ్బు కథ. నువ్వు మాత్రం దాన్ని స్వేచ్ఛాకాంక్ష అన్నావు.

యుద్ధం ముగిశాక సెయింట్ లూయిస్ చేరి దొరికిన పనల్లా చేస్తూ, మర్కెంటైల్ లైబ్రరీలో కూర్చుని ఇంగ్లీషు నేర్చుకుని, అక్కడ పరిచయమైన జర్మన్ పెద్దల దయతో 1868లో వెస్ట్‌లిఖె పోస్ట్ అనే జర్మన్ పత్రికలో విలేకరిగా చేరాడు. ఇంతవరకు నీ రాతప్రతిలో ఉంది. 1870 జనవరిలో జెఫర్సన్ సిటీ హోటల్లో వాదన ముదిరి ఒక మనిషి కాలి మీద పిస్తోలు పేల్చి 100 డాలర్ల జరిమానా కట్టిన సంగతి లేదు. అప్పటికి ఆయన మిస్సోరి శాసనసభ్యుడు, సభలో కూర్చోవడానికి కావలసిన వయసు కూడా నిండనివాడు. 1874లో దివాలా తీసిన ఒక జర్మన్ పత్రికను కారుచౌకగా కొని, దాన్ని నడపకుండా, దానికున్న అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ సభ్యత్వాన్ని వెంటనే మరో పత్రికకు అమ్మి లాభం చేసుకున్న సంగతీ లేదు. ఈ రెండోది ఎందుకు వదిలావో నాకు అర్థం కాలేదు. పత్రికలో వార్త ఉంటుందని అందరికీ తెలుసు. పత్రిక చచ్చిపోయినా దానికున్న హక్కుకు ఖరీదు ఉంటుందని ముప్పై ఏళ్ళు నిండకముందే కనిపెట్టినవాడు పులిట్జర్. ఆ కన్ను లేకుంటే వరల్డ్ లేదు.

1878 డిసెంబరులో సెయింట్ లూయిస్ కోర్టు దగ్గర వేలంలో డిస్పాచ్ పత్రికను 2,500 డాలర్లకు పాడుకున్నాడు. దాని మీద అప్పటికే 30,000 డాలర్ల బాకీ ఉంది. రోజుల్లోనే దాన్ని పోస్ట్ అనే మరో పత్రికతో కలిపి పోస్ట్-డిస్పాచ్ చేసి, ఊళ్ళోని ధనవంతులు పన్ను లెక్కల్లో తమ ఆస్తి ఎంత తక్కువగా చూపించారో పేర్లతో సహా అచ్చు వేశాడు. అవతలివాడి అంకె బయటపెట్టడమే ఆయన మొదటి ఆయుధమని ఇక్కడ గుర్తుపెట్టుకో. తరువాత అది తిరిగి ఆయన మీదికే వస్తుంది.

1883లో రైల్వేల జే గూల్డ్ దగ్గర నష్టాల్లో ఉన్న న్యూయార్క్ వరల్డ్‌ను 346,000 డాలర్లకు వాయిదాల మీద కొన్నాడు. మే నెలలో పత్రిక చేతికొచ్చిన రెండు వారాలకు బ్రూక్లిన్ వంతెన తెరుచుకుంది. నడిచి దాటేవాడి దగ్గర ఒక సెంటు వసూలు చేయడమేమిటి, వంతెన జనానిది అని వరల్డ్ గోల పెట్టింది. నువ్వు దీన్ని "ప్రజాపక్షపాతం" అన్నావు. కాదనను, కానీ ఆ సెంటు కట్టేవాడే రెండు సెంట్లు పెట్టి వరల్డ్ కొంటాడన్న సంగతి కూడా రాయాలి. అప్పటికి టైమ్స్, ట్రిబ్యూన్ నాలుగేసి సెంట్లు, హెరాల్డ్ మూడు సెంట్లు. కొన్ని నెలల్లోనే టైమ్స్, హెరాల్డ్ రెండు సెంట్లకూ, ట్రిబ్యూన్ మూడు సెంట్లకూ దిగివచ్చాయి. ఇన్ని సంపాదకీయాలు చేయలేని పనిని ఒక ధర చేసింది. ఈ సంగతి నీ పుస్తకంలో లేదు.

ఇక నువ్వు ఏడెనిమిది పేజీలు భక్తితో రాసిన స్వేచ్ఛా ప్రతిమ (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ) దగ్గరకు వద్దాం. ఫ్రాన్స్ విగ్రహం ఇస్తోంది, దానికి పీఠం కట్టడానికి న్యూయార్క్‌లో డబ్బు చాలలేదు. 1885 మార్చిలో వరల్డ్ చందాలు అడగడం మొదలుపెట్టింది, ఆగస్టు నాటికి లక్ష డాలర్లు దాటింది. ఇచ్చినవాళ్ళు 1,20,000 మందికి పైమాటే. నువ్వు ఇక్కడ "అమెరికన్ ప్రజల దేశభక్తి వెల్లువ" అని రాసి వెళ్ళిపోయావు. ఒక్క భాగాహారం చేయి: తలకు ఒక డాలరు కూడా పడదు. మరి అంతమంది చేత ఎలా ఇప్పించాడు? ఎంత ఇచ్చినా, ఐదు సెంట్లు ఇచ్చినా సరే, ఇచ్చినవాడి పేరు పత్రికలో అచ్చు వేస్తానన్నాడు, వేశాడు. జీవితంలో ఏనాడూ తన పేరు అచ్చులో చూసుకోని చాకలిది, బడిపిల్లవాడు, వంటమనిషి ఆ రోజు ఒక కాపీ కొంటారు, పక్కింటివాళ్ళ చేత కొనిపిస్తారు. ఇది మోసమని నేననడం లేదు. ఐదు సెంట్ల మనిషికి పేరుంటుందని అంతకు ముందు ఏ పత్రికాధిపతికి తోచింది? నాకు పులిట్జర్ మీద ఉన్న గౌరవమంతా ఆ చిన్న అక్షరాల జాబితాల మీదే ఉంది.

అందుకే 31వ పేజీ నన్ను అంత బాధపెట్టింది. ఐదు సెంట్ల పేరు తెలిసిన మనిషి పద్నాలుగేళ్ళ తరువాత పది సెంట్ల దగ్గర ఎందుకు బిగుసుకున్నాడన్నదే నీ పుస్తకంలో అసలు ప్రశ్న. నువ్వు దాన్ని చిన్న వివాదమన్నావు.

మధ్యలో జరిగింది నీకు తెలుసు కాబట్టి త్వరగా దాటుతాను. 1895లో హెర్స్ట్ వచ్చి జర్నల్ పత్రిక కొని, ఒక్క సెంటుకు అమ్మి, వరల్డ్ ఆదివారం సంచిక సిబ్బందిని ఎక్కువ జీతాలిచ్చి ఎగరేసుకుపోయాడు. పసుపు చొక్కా కుర్రవాడి బొమ్మలు వేసే అవుట్‌కాల్ట్ కూడా వెళ్ళిపోతే, పులిట్జర్ మరో చిత్రకారుడి చేత అదే కుర్రవాడిని వేయించాడు, రెండు పత్రికల్లో ఇద్దరు పసుపు కుర్రవాళ్ళయ్యారు. సంచలనం కోసం వార్తలు ఉబ్బించి రాయడాన్ని ఎల్లో జర్నలిజం అనడం ఆ బొమ్మ చొక్కా చలవేనంటారు. మన దగ్గర ఆ పసుపు ఒక పార్టీ జెండా రంగుగా మారి, ఎదుటి పక్షం పత్రికను తిట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయింది. నువ్వు కూడా ఆ అర్థంలోకి జారిన వాక్యం ఒకటి 26వ పేజీలో ఉంది, తీసెయ్యి. వరల్డ్ కూడా 1896లో ఒక సెంటుకు దిగింది. స్పెయిన్‌తో అమెరికా చేసిన 1898 యుద్ధాన్ని ఈ రెండు పత్రికలే తెచ్చాయని తీర్పు చెప్పేశావు. అంత ధీమాగా చెప్పడానికి నీ దగ్గర ఉన్నది ఊళ్ళో అందరూ అనుకునే మాట మాత్రమే. యుద్ధవార్తలకు పడవలు, టెలిగ్రాములు, అదనపు సంచికలకు కాగితం అన్నీ కలిసి పత్రికల లాభాలను మింగేశాయని మాత్రం రాయవచ్చు. పిల్లల కథ అక్కడ మొదలవుతుంది.

యుద్ధం రోజుల్లో పత్రికలు పిల్లలకిచ్చే ధరను నూరు కాపీలకు 50 సెంట్ల నుంచి 60కి పెంచాయి. వార్తలు వేడిగా ఉన్నన్నాళ్ళు పిల్లలు ఓర్చుకున్నారు. యుద్ధం ముగిశాక మిగతా పత్రికలు పాత ధరకు వచ్చాయి, వరల్డ్, జర్నల్ రాలేదు. "పది సెంట్ల పెంపు" అని నువ్వు రాశావు. కాగితం తీసుకుని నాతోపాటు లెక్క వేయి. సాయంకాలం పత్రిక వీధిలో ఒక సెంటు. నూరు అమ్మితే నూరు సెంట్లు. పాత ధరలో పిల్లవాడికి మిగిలేది 50, కొత్త ధరలో 40. పెరిగింది ధరలో పది సెంట్లు, పోయింది కూలిలో ఐదో వంతు. ఇది కూడా నూటికి నూరూ అమ్ముడుపోతేనే. అమ్ముడుపోని కాపీని పత్రిక వెనక్కి తీసుకోదు. పది కాపీలు మిగిలాయనుకో, చేతిలో 30 సెంట్లు. వాన కురిసి ఇరవై మిగిలితే 20. అంటే పది సెంట్లు పెంచినవాడు వాన పడ్డ రోజున పిల్లవాడి కూలిలో మూడో వంతు తీసుకున్నాడు. ఈ నాలుగు కూడికలు వేసుకుని ఉంటే నీ కలం "చిన్న చిన్న" అని రాయగలిగేదా?

నేను వేయగలను, ఎందుకంటే ఆ లెక్క నేను పన్నెండేళ్ళ వయసులో వేళ్ళ మీద వేశాను. తెల్లవారుజామున రైల్లో దిగే కట్టలను ఏజెంటు పురికొస కోసి పంచేవాడు. పదిహేను పైసల పత్రిక నాకు పదమూడు పైసలకు ఇచ్చేవాడు. ప్లాట్‌ఫారం మీద, బస్టాండులో, హోటళ్ళ ముందు అరుచుకుంటూ అమ్మితే కాపీకి రెండు పైసలు. మిగిలిపోతే నావే. ఒక శ్రావణమాసంలో వాన పట్టి ఐదు కాపీలు చంకలోనే తడిసిపోయాయి. అరవై అయిదు పైసలు. ఆ నష్టం పూడాలంటే మరో ముప్పై మూడు కాపీలు అమ్మాలి. తడిసినవాటిని చూరు కింద ఒక్కో పేజీగా ఆరబెట్టి కిరాణా కొట్టుకు పొట్లాల కోసం తూకానికి ఇచ్చాను. కొట్టాయన తూచి, తడి ఉందని బరువు తగ్గించి, ఏడు పైసలు చేతిలో పెట్టాడు. ఆ పేజీల్లో ఒకదాని మీద పత్రికాస్వేచ్ఛ గురించి సంపాదకీయం ఉండటం నాకు బాగా గుర్తు, ఎందుకంటే దాని సిరా నా బొటనవేలికి అంటుకుని బడిలో పలక మీద కూడా దిగింది. ఆ పత్రిక పేరు చెప్పను, అది ఇప్పటికీ వస్తోంది.

న్యూయార్క్ పిల్లలు నాకంటే గట్టివాళ్ళు. 1899 జూలైలో లాంగ్ ఐలండ్ సిటీలో జర్నల్ బండివాడు ఇస్తున్న కట్టల్లో నూరు కాపీలు ఉండటం లేదని లెక్కపెట్టి పట్టుకుని బండి తిరగేశారు. నేనేనాడూ కట్ట లెక్కపెట్టలేదు, ఏజెంటు మాట నమ్మాను. రెండు రోజుల్లో సమ్మె మన్‌హాటన్‌కు పాకింది. బ్రూక్లిన్ వంతెన దగ్గర గుమిగూడారు. పదహారేళ్ళ కిందట నడిచేవాడి ఒక్క సెంటు కోసం వరల్డ్ గొంతు చించుకున్నది ఆ వంతెన గురించే. ఈ రెండు దృశ్యాలూ నీ పుస్తకంలో ఉన్నాయి, ఒకటి 12వ పేజీలో, ఒకటి లేనట్టుగా 31వ పేజీలో. రెండింటినీ ఒకచోట పెట్టడం తోచలేదా? జూలై 24న ఇర్వింగ్ హాల్‌లో సభ జరిగితే ఐదువేల మంది పిల్లలు వచ్చారు, లోపల పట్టక వీధిలో నిలబడ్డారు. ఒంటికంటి కిడ్ బ్లింక్ అనే కుర్రవాడు మాట్లాడాడు. పది సెంట్లు మాకెంతో ఆ లక్షాధికారులిద్దరికీ అంతేనట, వాళ్ళే వదులుకోలేకపోతే మేమెలా వదులుకుంటామన్నది అతడి వాదం. వరల్డ్ సంపాదకీయాల కంటే పదునైన తర్కం అది.

సమ్మె రెండు వారాలు నడిచి ఆగస్టు మొదట్లో ఆగింది. ఎలా ఆగిందో నీ పుస్తకం చదివినవాడికి తెలియదు. ధర తగ్గలేదు, 60 సెంట్లు 60గానే ఉంది. కానీ అమ్ముడుపోని కాపీలను వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి పత్రికలు ఒప్పుకున్నాయి. నన్నడిగితే పిల్లలే గెలిచారు. ఇంతకు ముందు వాన నష్టం పిల్లవాడిది, ఇకనుంచి పత్రికాధిపతిది. ఈ సంగతి చదివిన రోజు నేను భోజనం మధ్యలో లేచి వరండాలోకి వెళ్ళాను. నాకు ఆరు దశాబ్దాల కిందటి ఐదు కాపీలు కళ్ళ ముందు ఆరుతున్నాయి.

అప్పటికి పులిట్జర్ వరల్డ్ భవనంలో లేడు కదా, ఆయన్ని నిందించడం న్యాయమా అని నువ్వు అడుగుతావు. ఆయనకు చూపు దాదాపు పోయింది, చిన్న చప్పుడు కూడా భరించలేడు. బార్ హార్బర్‌లో చప్పుడు చొరబడకుండా కట్టించుకున్న గదులనే ఇంటివాళ్ళు నిశ్శబ్దపు గోపురం అన్నారు. అయినా పత్రిక ఆయన చేతుల్లోంచి ఒక్క రోజు జారలేదు. టెలిగ్రాముల్లో వెళ్ళే సంగతులు పరులకు తెలియకుండా ఆయన ఒక సంకేతాల పుస్తకమే తయారుచేయించాడు, అందులో ఆయన పేరు ఆండీస్. సమ్మె రోజుల్లో బిజినెస్ మేనేజరు డాన్ సైట్జ్ ఆయనకు ఎప్పటికప్పుడు నివేదికలు పంపాడు. చూపు లేనివాడికి అమ్మకాల సంఖ్యలు చదివి వినిపించేవాళ్ళున్నారు. తెలియక జరిగిందనే వీలు నువ్వు ఆయనకు ఇవ్వకు, ఆయన కూడా అడగలేదు. అలాగని దుర్మార్గుడనీ రాయకు. హెర్స్ట్ తగ్గించకుండా తాను తగ్గిస్తే పోటీలో దెబ్బతింటాడు, ఇద్దరిలో ఎవరు ముందు కన్నార్పుతారా అని ఇద్దరూ చూస్తున్నారు, మధ్యలో నలిగింది కుర్రవాళ్ళు. అది అలా రాయి, పాఠకుడికి బుర్ర ఉంది.

అంకెలు రాస్తే పాఠకుడు పారిపోతాడని నీకు ఎవరు చెప్పారో నాకు తెలుసు, నాకు చెప్పినవాడి శిష్యులే అయి ఉంటారు. నేను ముప్పై ఏళ్ళ వయసులో ఒక దాత జీవితం మీద వ్యాసం రాసి ఒక వారపత్రికకు ఇచ్చాను. ఆయన కట్టించిన సత్రం ఖర్చు ఎంతో, అదే సంవత్సరం ఆయన మిల్లులో కూలీల రోజు కూలి ఎంతో పక్కపక్కనే పెట్టాను. సంపాదకుడు నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, ఎర్ర పెన్సిలుతో కూలి అంకె కొట్టేసి, "జయంతి సంచికలో ఇదెందుకండీ" అన్నాడు. సత్రం అంకె ఉంచాడు. వ్యాసం వచ్చింది, నాకు సన్మానం కూడా చేశారు. ఆ శాలువా ఇప్పటికీ బీరువాలో ఉంది, కప్పుకోలేదు. ఆ తరువాత నేను విలేకరిగా లైన్ అకౌంట్ మీద బతికిన రోజుల్లో, నెలాఖరున నా వార్తలను స్కేలు పెట్టి కొలిచి డబ్బిచ్చేవారు. శీర్షిక కొలతలోకి రాదు. నేను పెట్టిన శీర్షికలు మాత్రం వాళ్ళకు బాగానే పనికొచ్చేవి. ఇప్పుడు ఫ్యాషను మారింది, జయంతి వ్యాసాల బదులు స్ఫూర్తి వ్యాసాలు వస్తున్నాయి. ఇవి మరీ అన్యాయం. పాతవాళ్ళు కనీసం తారీఖులు సరిగ్గా వేసేవారు.

ఆ ఫ్యాషను నీ మొదటి పేజీలోనే ఉంది, అందుకే మరణశయ్యతో మొదలుపెట్టావు. 1911 అక్టోబరు 29న చార్లెస్టన్ రేవులో లిబర్టీ అనే తన నౌకలో పులిట్జర్ చనిపోయాడు, ఆయన చివరి మాటలు జర్మన్‌లో "మెల్లగా, చాలా మెల్లగా" అన్నవి. నువ్వు దాన్ని మానవాళికి ఇచ్చిన సందేశంగా, వేగానికి బానిసైన ప్రపంచానికి హెచ్చరికగా వ్యాఖ్యానించి అరపేజీ నింపావు. నాయనా, పక్కన కూర్చుని కార్యదర్శి పుస్తకం చదువుతున్నాడు. ముసలాయనకు కునుకు పడుతోంది. గొంతు తగ్గించి చదవమన్నాడు, అంతే. చప్పుడుకు ఇరవై ఏళ్ళుగా ఒళ్ళు జలదరించే మనిషి, ఆఖరి క్షణంలో కూడా చదవడం ఆపమనలేదు, గొంతు తగ్గించమన్నాడు. నీ అరపేజీ కంటే ఆ చిన్న సంగతి ఎంత గొప్పది! దాన్ని మొదటి పేజీ నుంచి తీసి, దాని చోటున, చివరి అధ్యాయంలో పెట్టు.

పనామా వ్యవహారంలోనూ ఒక పొరపాటు ఉంది, సరిదిద్దుకో. ఫ్రెంచి కాలువ కంపెనీకి అమెరికా చెల్లించిన 4 కోట్ల డాలర్లు చివరికి ఎవరి చేతికి చేరాయని 1908లో వరల్డ్ అడిగింది, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మండిపడి పరువునష్టం కేసు పెట్టించాడు, 1911 జనవరిలో సుప్రీంకోర్టు వరల్డ్ పక్షాన తీర్పు ఇచ్చింది. "వరల్డ్ రాసినదంతా నిజమని కోర్టు తేల్చింది" అని నువ్వు రాశావు. కోర్టు ఆ నిజానిజాల జోలికి పోలేదు, కేంద్ర ప్రభుత్వం ఆ చట్టం కింద ఆ కేసు నడపడం చెల్లదన్నది. పత్రికలకు మేలు చేసింది ఆ తేడానే. అధ్యక్షుణ్ణి కూడా "ఆ డబ్బు ఎవరికి చేరింది" అని అడగగలిగినవాడి జీవితం రాస్తూ, అదే ప్రశ్న ఆయన్ని ఒక్కసారైనా అడగకపోవడం మర్యాద కాదు. సెయింట్ లూయిస్ ధనవంతుల పన్ను లెక్కలు అచ్చువేసినవాడికి అదే పద్ధతిలో నువ్వు చేయగల గౌరవం అది.

పులిట్జర్ బహుమతుల అధ్యాయం నీకు ఇష్టమైనది, అది తెలుస్తూనే ఉంది. పేర్ల పట్టిక తీసేస్తే సగమవుతుంది, తీసెయ్యి. మిగిలిన సగంలో ఇవి ఉంచు: పత్రికారచన నేర్పే కళాశాల పెట్టమని 1892లో ఆయన డబ్బిస్తానంటే కొలంబియా విశ్వవిద్యాలయం వద్దన్నది, తరువాత 1903లో ఒప్పందం కుదిరింది, మొత్తం 20 లక్షల డాలర్లు. ఆయన పోయిన మరుసటి ఏడు 1912లో కళాశాల తెరుచుకుంది, ఆ నిధిలో నాలుగో వంతును కేటాయించిన బహుమతులు 1917లో మొదలయ్యాయి. దేశమూ దాని పత్రికలూ లేచినా పడినా కలిసే అని ఆయన 1904లో నార్త్ అమెరికన్ రివ్యూలో రాసిన మాట ఆ కళాశాలను సమర్థించుకుంటూ రాసిన వ్యాసంలోది. నువ్వు దాన్ని ఉపన్యాసంలో అన్నట్టు రాశావు.

వీలునామాలో ఆయన వరల్డ్‌ను అమ్మవద్దని రాశాడు. కొడుకులు కోర్టుకు వెళ్ళి అనుమతి తెచ్చుకుని 1931లో 50 లక్షల డాలర్లకు అమ్మేశారు, ఆఖరి సంచిక ఫిబ్రవరి 27న వచ్చింది, వేలమంది ఉద్యోగాలు పోయాయి. బంగారు గుమ్మటాన్ని 1955లో పడగొట్టారు. 2,500 డాలర్ల వేలంపాటతో మొదలైన సెయింట్ లూయిస్ సంస్థ, మరికొన్ని పత్రికలను కలుపుకుని పెరిగి, 2005లో 146 కోట్ల డాలర్లకు చేతులు మారింది. నీ రాతప్రతి 1917తో ఆగిపోయింది. పత్రికాధిపతి కథ పత్రిక అమ్ముడుపోయిన రోజున ఆగాలి.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. 31వ పేజీని పదిహేను పేజీలు చెయ్యి. అందులో ఒక పిల్లవాడి రోజు ఉండాలి: ఎన్ని కాపీలకు ఎంత కట్టాడు, ఎన్ని మిగిలాయి, చేతిలో ఎంత. పేరు తెలియకపోతే పేరు పెట్టకు, కల్పించవద్దు, లెక్క కల్పించనక్కరలేదు, అది దొరుకుతుంది. పీఠం చందాల అధ్యాయాన్ని దాని ముందుకు జరుపు. వరల్డ్ విలేకరి నెల్లీ బ్లై భాగం చక్కగా ఉంది, కానీ బ్లాక్‌వెల్స్ ఐలండ్ పిచ్చాసుపత్రిలో ఆమె పది రోజులు ఉండి రాసిన 1887 నాటి కథనానికి ఇచ్చిన చోటు కంటే ఆమె 72 రోజుల ప్రపంచయాత్రకు ఎక్కువ చోటిచ్చావు. తారుమారు చెయ్యి.

ఏ ప్రచురణ సంస్థకు ఇవ్వాలి, ముందుమాట రాస్తానా, అవార్డు కమిటీకి పంపవచ్చా అని అడిగావు. ముందుగా ఆ పదిహేను పేజీలు రానీ.

రాతప్రతిని తిరిగి పంపుతున్నాను, పెన్సిలు గీతలు చెరిపేయకు. ఒక విషయం. నువ్వు కవరు మీద అంటించిన స్టాంపులు బరువుకు చాలలేదు, పోస్ట్‌మాన్ నా దగ్గర ఇరవై నాలుగు రూపాయలు వసూలు చేశాడు. రసీదు ఈ ఉత్తరానికి గుచ్చాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి